నాన్న వదులుకున్న సేనాపతి వేషం

మొన్న దసరా పూజలకి, బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, ఖరిదాలో మా వీధి చివరి క్లబ్బువాళ్ళు పందిరి పక్కనే చెక్కబల్లలతో స్టేజి కట్టి ఒక బెంగాలీ నాటకం ఆడారు. పక్కింటి అమ్మాయి అందులో వేషం కడుతోందట, మాసీమా, అంటే పిన్నిగారూ, మీరు రాకపోతే ఊరుకోనని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ముందువరస కుర్చీలో కూలేసింది. మోకాళ్ళ నొప్పుల మనిషిని, కాసేపుండి లేచి వచ్చేద్దామనుకున్నాను గాని, తెర లేచేసరికి కథ నాకు తెలిసినదే అయింది. యుద్ధం గెలిచి వచ్చిన సేనాపతి, అతన్ని కన్నకొడుకులా నమ్మిన ముసలి రాజు, సింహాసనం మీద ఆశపడి మొగుణ్ణి ఎగదోసే భార్య. ఏ దేశంలో పుట్టిందో, ఎన్ని భాషలు తిరిగిందో గాని ఆ కథ ఎక్కడాడినా అదే. రాజు వేషం కట్టినాయన బ్యాంకులో పనిచేసే బక్కపలచటి మనిషి, కిరీటం చెవుల మీదికి జారిపోతోంది. అతను సేనాపతి భుజం మీద చెయ్యేసి నవ్వాడు, అంతే, నా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. పక్క కుర్చీలో ఆవిడ "కీ హొలో మాసీమా?" అని, ఏమైందంటూ కంగారుపడింది. ఏం లేదమ్మా, మా నాన్న గుర్తొచ్చాడన్నాను. రాజుని చూస్తే నాన్న ఎందుకు గుర్తొచ్చాడో ఆవిడకి చెప్పాలంటే అరవయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి, నాటకం మధ్యలో అది కుదిరే పని కాదు. మీకైతే చెప్పొచ్చు, ఆ కాలం మీరూ చూసినవాళ్ళే కదా.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు బాగుచేసే షెడ్డులో మేస్త్రీ. పొద్దస్తమానం రివిట్లు కొట్టే ఆ చప్పుడులో ఉండి ఉండి ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కానీ దేవుడు అక్కడ తీసుకున్నదంతా గొంతులో పెట్టాడేమో, నాన్న రాగం తీస్తే రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకి కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినిపించేది. శ్రీకాకుళం వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి బతుకుతెరువుకి వచ్చి క్వార్టర్లలో సర్దుకున్న మా తెలుగువాళ్ళకి అప్పట్లో రెండే పండగలు, ఒకటి అమ్మవారి పూజ, రెండోది ఏడాదికోసారి ఆడే నాటకం. నాటకం ఏదైనా పెద్ద వేషం నాన్నదే. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే నోరెత్తని మనిషి, ముఖానికి రంగు పడితే దేశాలకి దేశాలు గెలిచేసేవాడు. అమ్మ వెనక వరసలో కూర్చుని ఆయనకేసి కాకుండా చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలకేసి చూస్తూ ఉండేది, వాళ్ళు బాగా చూస్తున్నారో లేదోనని.

మా ఇంట్లోనే మా మేనత్త కొడుకు ఉండేవాడు. నాకు బావ. బావ చిన్నతనంలోనే మా అత్త భర్త పోతే, నాన్న పాలకొండ దగ్గర ఉన్న వాళ్ళ ఊరికి వెళ్ళి, పిల్లవాణ్ణి నేను చూసుకుంటానని చెల్లెలికి మాటిచ్చి రైలెక్కించి తీసుకొచ్చేశాడు. చదివించాడు, వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేర్పించాడు, టర్నరు పని వచ్చేదాకా వెంటబడ్డాడు. అన్నిటికన్నా ముఖ్యంగా పద్యం చెప్పడం నేర్పాడు. ఊపిరి ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి, చెయ్యి ఎంతవరకు లేపాలి, కత్తి దూసినప్పుడు చూపు కత్తి మీద ఉండాలా ఎదుటివాడి మీద ఉండాలా, ఇవన్నీ ఆదివారం మధ్యాహ్నాలు మా క్వార్టరు వెనక పెరట్లో మామిడికొమ్మ చేతిలో పెట్టి నేర్పినవే. బావ రూపసి. గొంతు నాన్నంత కాదు గాని వినసొంపుగా ఉండేది. ఏటా మంత్రి కొడుకో, రాజుగారి తమ్ముడో, అలాంటి వేషాలు కట్టి ఊరుకునేవాడు. పెద్దయ్యాక నన్ను బావకిచ్చి చేస్తారని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు అంతే.

అరవైల మొదట్లో అనుకుంటాను, నేను తెలుగు బడిలో టీచరుగా చేరిన కొత్త. మా బడిలోనే పనిచేసే తెలుగు మాస్టారు ఒక పాత విదేశీ విషాద నాటకాన్ని మన రాజుల కాలానికి మార్చి, పద్యాలు కట్టి, తెలుగు చేశారు. అదే ఈ సేనాపతి కథ. అంతవరకు మావాళ్ళు ఆడినవన్నీ మంచివాడు గెలిచే కథలు, ఇందులో ముఖ్యమైనవాడే పాపం చేస్తాడు. చదివి వినిపించిన రోజు నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కుడిచెవి మాస్టారివైపు తిప్పి కదలకుండా విన్నాడు. సేనాపతి వేషం నాన్న గొంతు మనసులో పెట్టుకునే రాశానని మాస్టారు అన్నారు. మర్నాటి నుంచి నాన్నకి అదే లోకం. గడ్డం గీసుకుంటూ అవే పద్యాలు, సైకిలు మీద అవే పద్యాలు. అన్నిటికన్నా హాయి ఎక్కడంటే బాయిలర్ షెడ్డులోనట. ఆ సుత్తిదెబ్బల హోరులో ఎంత గొంతెత్తి పాడుకున్నా పక్కవాడికి వినపడదు, అందుకని రోజంతా పనిచేస్తూనే నాటకం మొత్తం ఆడేసుకునేవాడు. నోరు తెరిచి మూస్తూ ఉంటే మేస్త్రీ ఎవరిని తిడుతున్నాడా అని కింద పనిచేసే ఖలాసీలు హడిలిపోయేవారట.

ఆ రోజుల్లో ఆడవేషాలకి విజయనగరం నుంచి ఒకావిడని మెయిలు రైల్లో రప్పించేవారు. ఆ ఏడు ఆవిడకి పచ్చకామెర్లు వచ్చి రాలేనని కబురంపింది. నాటకం చూస్తే నెలన్నరలోకి వచ్చేసింది. సేనాపతి భార్య లేకపోతే ఆ నాటకమే లేదు. అప్పుడు ఒక సాయంత్రం, పక్క క్వార్టర్లో ఉండే పెదనాన్న, మాకు చుట్టమేం కాదు గాని అలా పిలిచేవాళ్ళం, ఆయనే మా నాటక సమాజానికి సెక్రటరీ, మా ఇంటికొచ్చి కూర్చుని, గొంతు సవరించుకుని, అమ్మాయి చేత కట్టిద్దామన్నాడు. బళ్ళో పిల్లల చేత నాటకాలు ఆడిస్తోంది కదా, పద్యం నోట్లో పలుకుతుంది కదా అన్నాడు. మా తెలుగు ఇళ్ళల్లోంచి ఒక ఆడపిల్ల ఆ స్టేజి ఎక్కడం అంతవరకు లేదు. నా గుండె దడదడలాడింది, భయంతో కాదు. ఇక రెండో మాట ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు. అమ్మాయి సేనాపతి భార్య అయితే తండ్రి సేనాపతి కాకూడదు. మేనబావ వరసైనవాడు, అతను కడితే ఎవరూ నోరెత్తరు. నాన్నకి ముసలిరాజు వేషం, అదీ మంచి వేషమే, రెండో అంకంలో చచ్చిపోతాడనుకోండి.

అమ్మ పొయ్యి దగ్గరే బిగుసుకుపోయింది. బావ గుమ్మంలో నిలబడి గోడకున్న సున్నం గోకుతున్నాడు.  నాన్న నా వైపు తిరిగి, "ఓలమ్మీ, నీకు సెయ్యాలని ఉందా?" అని అడిగాడు. తలూపాను. "ఐతే సెయ్యి" అన్నాడు. అంతటితో అయిపోయింది.

రిహార్సల్సు మొదలయ్యాయి. నాన్న తన వేషం తాను నేర్చుకుంటూనే బావకి సేనాపతి పద్యాలు దగ్గరుండి చెప్పేవాడు, ఆ పద్యాలు అప్పటికే ఆయనకి కంఠతా వచ్చు మరి. ఇక్కడ గట్టిగా అనకు, ఇక్కడ వాడు తనతో తాను మాట్లాడుకుంటున్నాడు, అని చెబుతూ ఉంటే బావ తల దించుకుని వినేవాడు. అతను అంత వినయంగా ఉండడం గౌరవమే అనుకున్నాను.

అసలు సంగతి కొళాయి దగ్గర బయటపడింది. సెక్రటరీగారి భార్య, మేము పెద్దమ్మా అనేవాళ్ళం, మనసులో మాట దాచుకోలేని మనిషి. బిందె నిండేలోపల అమ్మతో చెప్పేసింది. ఆ ఆలోచన ఆయనది కాదట. విజయనగరం ఆవిడ రాలేదని తెలిసిన రోజే మా బావ వాళ్ళింటికెళ్ళి, అమ్మాయి చేత కట్టించండి, అప్పుడు మావ కట్టడానికి వీలుండదు, సేనాపతి వేషం నాకిద్దురుగాని, ఈ మాట నేనన్నానని మాత్రం చెప్పకండి అని బతిమాలి వచ్చాడట.

అమ్మ బిందె అక్కడే వదిలేసి వచ్చింది. ఆదివారం, నాన్న అన్నానికి కూర్చుని ఉన్నాడు, బావ ఇంట్లో లేడు. అమ్మ విన్నదంతా ఒక్క ఊపులో చెప్పేసి, "తల్లి వొడిలోంచి తెచ్చి పెంచినందుకు బాగా సేసినాడు. మన కంచంలో తిని మన వెనకాలే గొయ్యి తీసినాడు" అని ఏడ్చింది. నాన్న పప్పు కలుపుకుంటూనే ఉన్నాడు. ఆ మాట చెవిటి చెవివైపు పడిందేమో అనుకున్నాను. అప్పుడు నెమ్మదిగా అన్నాడు, "నాకెరికే."

"ఎరికా? ఎప్పట్నించి?"

"ఆ పొద్దే. గోడ గోకుతున్నాడు సూడు, సిన్నప్పుడు బెల్లం దొంగిలించినా అలాగే గోకీవోడు." కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. "అడిగితే ఇచ్చీవోణ్ణే. మావా, ఈ ఏడు నాను కడతానని ఒక్క మాట అడిగితే సాలు. అడగలేకపోనాడు. వాడికి నానంటే అంత బయిమేటి అని, అదే నాకు కష్టంగా ఉంది."

నేను ఆ వేషం వెయ్యనన్నాను. నేను మానుకుంటే ఆయన వేషం ఆయనకొస్తుంది కదా అన్నాను. నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు మానీసినా, వొట్టుపెట్టినా నాను కట్టను. నిన్న నువ్వు ఆ రెండో అంకంలో సెప్పినప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిసింది. నా కూతురు అలా సెప్పడం నాను ఎదుట కూకొని ఇనాలి. సేనాపతి ఏషం కడితే ఇనడానికి ఈలవుద్దేటి? నా పజ్జెం గురించే ఆలోసించుకుంటాను." బావతో ఈ సంగతి ఎత్తవద్దని మా ఇద్దరి చేతా మాట తీసుకున్నాడు. అమ్మ మాటిచ్చింది, ఎత్తలేదు కూడా. అసలు బావతో మాట్లాడడమే మానేసింది. కంచంలో అన్నం పెట్టేది, కూర వేసేది, ఇంకొంచెం కావాలేటి అని అడిగేది కాదు. ఉత్తరాంధ్ర ఆడవాళ్ళ కోపం తెలిసినవాళ్ళకి ఇంతకంటే వివరం అక్కర్లేదు. బావకి అర్థమైపోయింది. మనిషి సగమయ్యాడు. కానీ నోరు తెరిచి చెప్పలేడు, ఎవరూ అడగరు.

మాస్టారి నాటకంలో సేనాపతి రాజుని చంపడానికి జంకుతూ భార్యతో ఒక మాటంటాడు. ఈ చేతికి కత్తి పట్టడం నేర్పినవాడే ఆయన అని. రిహార్సల్లో ఆ మాట దగ్గరికొచ్చేసరికి బావ ఆగిపోయేవాడు. నాన్న ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉండేవాడు కదా. మర్చిపోయాడనుకుని మాస్టారు పక్కనుంచి అందించేవారు, బావ గబగబా అనేసి ముందుకు పోయేవాడు. దానికి నేను చెప్పవలసిన జవాబు మరీ ఘోరం: నేర్పినవాడి పని నేర్పడంతో తీరిపోయింది, ఇక పట్టినవాడిదే కత్తి. నేను నాన్నకేసి చూడకుండా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆదివారం సాయంత్రం నాటకం. మర్నాడు పొద్దున్న సైరనుకి అందరూ గేటు దగ్గర ఉండాలి గనక మావాళ్ళు వెలుతురుండగానే తెర లేపేసేవారు. హాలు కిటకిటలాడిపోయింది. తెలుగువాళ్ళే కాదు, నాన్న షెడ్డులో పనిచేసే బెంగాలీ ఫోర్‌మన్ దాదా కూడా పెళ్ళాం పిల్లలతో వచ్చి ముందు కూర్చున్నాడు. మొదటి అంకంలో యుద్ధం గెలిచి వచ్చిన సేనాపతికి రాజు తన కత్తి బహుమానం ఇవ్వాలి. రిహార్సల్లో చేతికి అందించేవాడు, అంతే. ఆ రోజు నాన్నకి ఏం తోచిందో, వంగి తన చేతులతో ఆ కత్తి బావ నడుముకి కట్టాడు. కట్టి, భుజం మీంచి జారిపోతున్న శాలువా సర్దాడు. చలికాలం పొద్దున్నే బావ డ్యూటీకి బయలుదేరుతుంటే మా గుమ్మంలో ఎప్పుడూ అలాగే సర్దేవాడు. నేను పక్కన తెర చాటునుంచి చూస్తున్నాను, బావ కళ్ళు ఎర్రబడ్డాయి.

రెండో అంకంలో ఆ మాట వచ్చింది. ఈ చేతికి, అన్నాడు బావ. ఆగిపోయాడు.  మాస్టారు పక్కనుంచి అందిస్తున్నారు, బావకి వినపడడం లేదని నాకు తెలుస్తోంది. చివరికి, ఈ చేతికి కత్తి పట్టడం నేర్పినవాడే ఆయన అని, నేర్చుకున్న గొంతుతో కాదు, మా పెరట్లో మాట్లాడుకునే మామూలు గొంతుతో అన్నాడు. చెంపల మీదుగా నీళ్ళు కారి రంగు చెదిరిపోయింది. ఆ మనిషిని ఓదార్చాలనిపించింది, కానీ నేను అక్కడ వాడి పెళ్ళాన్ని, రాజ్యం కావాలన్నదాన్ని. నా జవాబు చెప్పాను. ఒక్కో మాటా ఒత్తి ఒత్తి చెప్పాను. వెనక వరసల్లో ఎవరో ఆవిడ "ఓలమ్మో, ఇదేటాడదే బాబూ!" అని పైకే తిట్టింది. నా జీవితంలో నాకు అంత గొప్ప మెచ్చుకోలు మళ్ళీ రాలేదు.

బావ కత్తి పట్టుకుని రాజు పడుకున్న గది తెర వెనక్కి వెళ్ళాడు. మాస్టారు రాసినదాంట్లో రాజు అరవకుండా చచ్చిపోతాడు. కానీ తెర వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది, నిద్రలోంచి లేచినవాడి గొంతు, కొంచెం సంతోషంగా కూడా ఉంది. "వచ్చావా నాయనా" అన్నాడు. అంతే. ఆ రెండు ముక్కలకి హాలు మొత్తం ఒక్కసారి ఉస్సురుమంది. నాటకంలో లేని ఆ మాటని తర్వాత మాస్టారు ఎర్రసిరాతో తన ప్రతిలో రాసుకున్నారు.

రెండో అంకం తెర పడగానే బావ వెనకవైపు పరిగెత్తాడు. నాన్న కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బావ ఆ సేనాపతి దుస్తులతోనే ధబీమని కాళ్ళ మీద పడి, "మావా, నానే ఎల్లి సెప్పినాను, నాకే ఆ బుద్ధి పుట్టింది" అని వెక్కివెక్కి ఏడ్చాడు. నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి, అతని తలపాగా తిన్నగా సర్ది, "ఎరికేరా. ముందెల్లి మూడో అంకం ఆడు. నా కాళ్ళు ఎక్కడికీ పోవు" అన్నాడు. హార్మోనీ వాయించేవాడితో సహా అందరం నవ్వేశాం. బావ కూడా, ఏడుస్తూనే.

మూడో అంకంలో సేనాపతి సింహాసనమెక్కి, తిండి సయించక, నిద్ర పట్టక కుమిలిపోతాడు. ఆ రోజు బావ ఆడిన తీరు చూసినవాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. కానీ నాటకమయ్యాక తెలుగు ముక్క రాని ఆ ఫోర్‌మన్ దాదా లోపలికొచ్చి, దండలున్న మమ్మల్ని దాటుకుని పోయి, అప్పటికే ముఖం కడిగేసుకున్న మా నాన్న రెండు చేతులూ పట్టుకుని "దాదా, రాజా బోల్తే ఆప్నీ" అన్నాడు. రాజంటే మీరేనని. నాన్న సిగ్గుపడిపోయాడు.

అమ్మ మాత్రం కరగలేదు. మర్నాడు ఇద్దరూ ఎప్పటిలాగే సైకిళ్ళ మీద పనికి వెళ్ళారు, సాయంత్రం వచ్చారు, బావ కంచంలో కూర ఒక్కసారే పడింది. ఆ తర్వాతి ఉగాదికి సమాజం మీటింగులో కొత్త నాటకం మాట వచ్చినప్పుడు, బావ లేచి నిలబడి, పోయినసారి తాను చేసిన పని అందరి ముందు, ఆడవాళ్ళ వరసలో మా అమ్మ వింటుండగా చెప్పి, ఈసారి పెద్ద వేషం మావకే ఇవ్వాలన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. తనకి ముసలివాళ్ళ వేషాలే బాగున్నాయన్నాడు. మాట వరసకన్నాడనుకున్నాం, నిజమే అన్నాడు. యుద్ధాలు గెలిచే వేషాల్లో చప్పట్లు వినపడతాయి గాని జనం ఊపిరి వినపడదని, అది మొదటిసారి ఆ రోజు తెర వెనక పడుకుని విన్నానని తర్వాత నాతో చెప్పాడు. రిటైరయ్యేదాకా తాతలూ, మునులూ, కళ్ళు లేని రాజులూ కట్టాడు. అంత సంతోషంగా ఆయన్ని సేనాపతి పద్యాలు పాడుకున్న రోజుల్లో కూడా నేను చూడలేదు. ఇక మీటింగు నుంచి ఇంటికొచ్చాక, అన్నాల దగ్గర అమ్మ గరిటె పట్టుకుని బావ ముందు నిలబడి, కొంచెం విసుగ్గానే, "ఇంకొంచెం వేసీదేటి?" అంది. బావ తల పైకెత్తకుండా కంచం ముందుకు జరిపాడు.

పెళ్ళి సంగతి నాన్న అతన్ని అడగలేదు, నన్నడిగాడు. వాడి తప్పు నీకు తెలుసు, వాడు దాన్ని మింగలేకపోవడమూ చూశావు, ఇక నీ ఇష్టం అన్నాడు. నేను ఒప్పుకున్నాను, ఇన్నేళ్ళలో ఒక్కసారీ చింతించలేదు. ఈయన ఇప్పుడు ఎనభై దాటి, వరండాలో కుర్చీ వేసుకుని, ఆ రోజు నేనేడవలేదు, రంగు కళ్ళలో పడిందంతే అని వాదిస్తారు. వాదించనీండి.

నాన్న పోయి చాలాకాలమైంది, అమ్మా పోయింది. ఆ బాయిలర్ల షెడ్డులో సుత్తుల చప్పుడు ఆవిరి ఇంజన్లతోనే ఆగిపోయింది. తెలుగు నాటకం ఆడేవాళ్ళు తగ్గి, చూసేవాళ్ళు తగ్గి, ఒక ఏడు మానేశాం, మళ్ళీ మొదలుపెట్టలేదు. మా మనవలు తెలుగు మాట్లాడతారు, దాన్లో సగం బెంగాలీ, సగం హిందీ, అయినా ముద్దుగానే ఉంటుంది. వాటికి నేను పెద్దగా బాధపడను. భాషలు మారతాయి, వేషాలు మారతాయి. నేను వెతుక్కునేది వేరొకటి. మాకు అప్పట్లో ఒకటే కొళాయి, ఒకటే గేటు, ఒకటే స్టేజి. ఎవరిని మోసం చేసినా తెల్లారేసరికి వాళ్ళ మొహమే చూడాలి, వాళ్ళ పక్కనే సైకిలు తొక్కాలి, వాళ్ళింటి అన్నమే తినాలి. తప్పించుకునే చోటు లేక క్షమించుకున్నామేమో, క్షమించేవాళ్ళు ఉన్నారని ధైర్యంగా తప్పులు చేశామేమో, నాకు తెలియదు. ఇప్పుడు మా వీధిలో అన్నదమ్ములిద్దరు మాట పట్టింపులొచ్చి ఒకరి నంబరు ఒకరు ఫోన్లోంచి తీసేసుకున్నారు, ఆర్నెల్లుగా ఒకరికొకరు ఎదురుపడలేదు, పడవలసిన అవసరమూ రాలేదు. మనిషి మీద కోపమొచ్చినప్పుడు వాళ్ళని చూడకుండా బతకడం ఇంత తేలికవుతుందని మేమనుకోలేదు. చూడక తప్పని రోజుల్లో మాకు విసుగొచ్చేది. ఇప్పుడు అదే ఎంత అదృష్టమో అనిపిస్తోంది.